రోజుకు ఒకటిన్నర జీబీ

అన్‌లిమిటెడ్ అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రీఛార్జి చేసేటప్పుడు నవ్వుతూ చెబుతారు, అంతా అన్‌లిమిటెడ్ మేడమ్, ఎంతైనా వాడుకోండి అని. వాడుకోవచ్చు, అబద్ధం కాదు. రోజుకు ఒకటిన్నర జీబీ దాటిందా, వేగాన్ని నత్తకు అప్పగిస్తారు. నెట్ ఆగదు, వస్తూనే ఉంటుంది. తెర మధ్య ఆ సున్నా తిరుగుతూ ఉంటుంది, మనం అన్నం వండుకుని తిని గిన్నెలు కడుక్కుని వచ్చినా తిరుగుతూనే ఉంటుంది. ఫుల్ మీల్స్ అని బోర్డు పెట్టి రెండో వడ్డనకు మెతుకు మెతుకు లెక్కన వేస్తే ఊరుకుంటామా? హోటలువాడి కాలరు పట్టుకోమూ? దీనికి ఎవరి కాలరు పట్టుకోవాలో నాకు ఇంతవరకూ తెలియలేదు.

ఇప్పుడు చిత్తూరులో మా ఇంట్లో వైఫై ఉంది. మా ఆయన నాలుగు సినిమాలు ఒకేసారి దింపుకున్నా అడిగే దిక్కు లేదు. అయినా ఎక్కడైనా ఆ సున్నా తిరగడం కనబడితే నాకు సత్యవేడు గదే గుర్తొస్తుంది, మహిత గుర్తొస్తుంది, వాళ్ళమ్మ దేవకమ్మ గుర్తొస్తుంది. కోపమూ వస్తుంది, ఆ రోజులు మళ్ళీ రావు కదా అని ఏడుపూ వస్తుంది.

అప్పుడు మేము శ్రీ సిటీలో ఫోన్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళం. సత్యవేడులో ఒక మేడ మీద గది తీసుకుని నలుగురం ఉండేవాళ్ళం. నేను లోకేశ్వరిని, అందరికంటే పెద్దదాన్ని కాబట్టి గదిలో అరిచే హక్కు నాదే. నవీనది నగరి. భానుప్రియది శ్రీకాళహస్తి, సీరియళ్ళు, సినిమాలు లేకపోతే ముద్ద దిగదు. మహితది పలమనేరు దగ్గర పల్లె, మాలో చిన్నది, ఎవరు ఏమడిగినా కాదనలేనిది. రోజూ వేల ఫోన్ల ముక్కలు మా చేతుల మీదుగా పోయేవి, మా ఫోన్లు మాత్రం గేటు దగ్గర లాకర్లో ఉండేవి. కంపెనీ బస్సు ఎక్కి కూర్చున్నాకే వాటి మొహం చూడటం.

మహిత వాళ్ళమ్మకు పుట్టుకతోనే వినబడదు, మాటా లేదు. మహిత చిన్నప్పుడే తండ్రి పోయినాడు. రెండు ఆవులు, పొద్దునా సాయంత్రం డెయిరీకి పాలు, అదీ ఆమె బతుకు. బడి మొహం చూడలేదు, అక్షరమ్ముక్క రాదు. తల్లీ కూతురూ మాట్లాడుకునేది చేతులతోనే, అదీ ఏ స్కూల్లోనో నేర్పే సైగలు కాదు, వాళ్ళిద్దరూ వాళ్ళింట్లో కల్పించుకున్నవి. డెయిరీ అంటే ముక్కు చిట్లించడం, అక్కడ పాలు కొలిచే ఆయన ముక్కు ఎప్పుడూ అట్లాగే ఉంటుందట. వాళ్ళ చిన్నాయన ధనశేఖర్ అంటే మీసం మెలేసి, వెంటనే చేత్తో గాలిని పక్కకు తోసెయ్యడం. వీడియోలో నన్ను చూసిన మొదటి రోజే దేవకమ్మ నాకూ పేరు పెట్టింది. నడుం మీద రెండు చేతులు, పైకెత్తిన గడ్డం. భానుప్రియ పడీ పడీ నవ్వింది.

ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. మాకు నెట్ లేకపోతే మామూలు ఫోన్ చేసుకుంటాం, ఇంకా కాకపోతే మెసేజ్ పెడతాం. మహితకు అవేవీ పనికిరావు. వాళ్ళమ్మతో మాట్లాడాలంటే వీడియో కావాలి, వీడియో సాగాలంటే వేగం కావాలి. సాయంత్రం షిఫ్టు దిగి గదికి రాగానే ఫోన్‌ను ఊరగాయ జాడీకి ఆనించి, కాస్త వెనక్కి జరిగి కూర్చునేది. అక్కడ దేవకమ్మ పాలు పోసి వచ్చి, ఫోన్ ముందు పెట్టుకుని, ఎప్పుడు వెలుగుతుందా అని కాచుకుని ఉండేది. రింగు వినబడదు కదా, వెలుగు చూసే ఎత్తాలి, తనంతట తాను కలపడం తెలియదు. మేము ఇంటికి ఫోన్ చేస్తే గది దద్దరిల్లేది. మహిత మాట్లాడుతుంటే గాజుల చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. ఆ అరగంట భానుప్రియ కూడా ఫోన్లో సీరియల్ గొంతు తగ్గించేది. ఎందుకో ఎవరికీ తెలియదు, ఆ గాజుల చప్పుడు వింటే అందరికీ గమ్మున ఉండాలనిపించేది.

పక్కింట్లోనే చిన్నాయన ఉన్నాడు, ఆయనకు ఫోన్ చేసి అమ్మకు చెప్పమనొచ్చు కదా అని నేనొకసారి అన్నాను.

"నీకు తెలీదక్కా," అంది మహిత. "నేను బాగుండానని సెప్పమంటే, దానికి ఆడ బాగలేదంట వదినా, వచ్చేస్తుందంట అని సైగ చేస్తాడు. మా యమ్మ జీతం దాచిపెట్టుకోమని అంటే, మీ యమ్మ పనిమాన్పించమంటా ఉండాదని నాకు సెప్తాడు. ఇద్దరి మాటలూ ఆయన నోట్లో పడి ఆయన మాటలైపోతాయి."

ధనశేఖర్‌కు మహిత పనికి పోవడమే ఇష్టం లేదు. వినబడని తల్లిని వదిలి ఆడపిల్ల ఎక్కడో ఫ్యాక్టరీలో ఉండటం ఏంటని ఊళ్ళో అంటున్నారట. ఆ ఏడు పలమనేరులో గంగజాతరకు మహిత ఊరికి పోయినప్పుడు నలుగురి ముందూ కూర్చోబెట్టి చెప్పినాడు. "సూడు పాపా, ఒక్కసారి మీ యమ్మ నీకోసరం బెదిరిందని నా చెవిన పడిందా, ఆ పొద్దే మూట కట్టుకోని వచ్చేయల్ల." మహిత సరేనని వచ్చింది. అప్పుడే దాన్ని లైనులో చెకింగ్ పనికి వేసినారు, ఇంకొన్నాళ్ళుంటే లైన్ లీడర్ చేస్తామన్నారు. ఆ పని అంటే దానికి ప్రాణం. వాళ్ళ వంశంలో నెల జీతం తీసుకున్న మొదటి మనిషి తనే.

ఇక ఆ తుమ్ము సంగతి చెబుతాను. మహితకు జలుబు చేసి ఉంది. ఆ రోజు మధ్యాహ్నమే భానుప్రియ తన డేటా అంతా ఒక సినిమాకు తగలేసి, సినిమా సగంలో ఆగేసరికి మహితను హాట్‌స్పాట్ అడిగింది. ఇదేమో కాదనలేనిది, ఇచ్చింది. ఆ సినిమా మిగతా సగం మహిత ఫోన్ మింగేసింది. సాయంత్రం వాళ్ళమ్మకు వీడియో కలిపింది. ఒకట్రెండు మాటలు సాగినాయి. జలుబు చేసిందని, మాత్ర వేసుకున్నానని చెబుతూ చెబుతూ పెద్ద తుమ్ము తుమ్మింది. సరిగ్గా అప్పుడే ఒకటిన్నర జీబీ అయిపోయింది. అక్కడ దేవకమ్మ ఫోన్లో కూతురి బొమ్మ అట్లాగే నిలిచిపోయింది. మూతపడిన కళ్ళు, తెరుచుకున్న నోరు, పక్కకు వాలిన తల.

మాకైతే బొమ్మ ఆగినా గొంతు వినబడుతుంది, హలో హలో అంటాం, సిగ్నల్ పోయిందిలే అనుకుంటాం. ఆమెకు బొమ్మే గొంతు. బొమ్మ ఆగితే బిడ్డ ఆగిపోయినట్టే. ఆమె ఫోన్ అక్కడే పారేసి ధనశేఖర్ ఇంటికి పరుగెత్తింది. వాళ్ళు పెళ్ళికని కుప్పం పోయి ఉన్నారు, తలుపుకు తాళం. ఇక్కడ మేము నా ఫోన్ నుంచి మళ్ళీ మళ్ళీ కలిపినాం. ఎవరూ లేని ఇంట్లో ఆ ఫోన్ వెలిగి ఆరిపోయింది, వెలిగి ఆరిపోయింది. అమ్మ పడుకుని ఉంటుందిలే, రేపు చెబుతాలే అంది మహిత. మేమూ అదే అనుకుని కలపడం మానేసి, పొద్దున్నే షిఫ్టుకు పోయినాం.

దేవకమ్మ పొద్దున్నే ఆవులను ఎవరికో అప్పజెప్పి, మహిత కంపెనీ ఐడీ కార్డు జిరాక్సు చేతిలో పట్టుకుని బస్సెక్కింది. పలమనేరు నుంచి చిత్తూరు, చిత్తూరు నుంచి తిరుపతి, అక్కడి నుంచి శ్రీ సిటీ. దిగిన ప్రతి చోటా ఆ జిరాక్సు చూపించడం, ఎవరో వేలు చూపించిన బస్సు ఎక్కడం. తిరుపతి బస్టాండులో నోరున్న నేనే తికమక పడతాను. ఆమె ఆ పొద్దంతా కూతురు బతికి ఉందో లేదో తెలియకుండా, ఎవరినీ అడగలేకుండా ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

నేను షిఫ్టు దిగి బయటికి వస్తుంటే గేటు దగ్గర సెక్యూరిటీ తిరుమలయ్య గొంతు చించుకుంటున్నాడు. "యాడ నుంచి వచ్చినావు మా? ఎవురు గావల్ల నీకు? ఏంది, సెప్పవే?" ఎదురుగా దేవకమ్మ. వీడియోలో చూసిన మొహమే, ఇంకా చిన్నదిగా ఉంది. ఆమె జిరాక్సు చూపిస్తోంది, ఆయన ఇంకా గట్టిగా అరుస్తున్నాడు.

నాకు ఎక్కడ లేని కోపమొచ్చింది. "అరిస్తే వినబడతాదా అన్నా ఆమెకు? మైకు తెప్పియ్యమంటావా?" అన్నాను. పాపం, ఆయనకేం తెలుసు. తెలిసినాక తన కుర్చీ తెచ్చి వేసినాడు, ఆమె కూర్చోలేదు. నేను నడుం మీద చేతులు పెట్టి గడ్డం పైకెత్తినాను. నన్ను గుర్తుపట్టింది. నా రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది, అదెక్కడ అని.

మహిత బయటికి వచ్చింది. తల్లిని చూసి కొయ్యబారిపోయింది. దేవకమ్మ వచ్చి ఫెడీమని చెంప మీద కొట్టింది. ఆ తర్వాత అదే చెంప తడిమింది, నుదురు తడిమింది, మెడ తడిమింది, ముక్కు దగ్గర చెయ్యి పెట్టి ఊపిరి చూసింది. అప్పుడు ఏడ్చింది. ఆమె గొంతు మేము విన్నది అదొక్కసారే. షిఫ్టు దిగిన జనమంతా నిలబడిపోయినారు. నేను ఏడుస్తున్నానని భానుప్రియ నాకు చున్నీ ఇచ్చింది, అదీ ఏడుస్తోంది.

గదికి తీసుకొచ్చినాం. మూటలో నుంచి రాగి పిండి, వేరుశెనగపప్పు నూరిన ఊరిబిండి డబ్బా తీసింది. కూతురు పోయిందేమోనని వస్తూ కూడా ఊరిబిండి తెచ్చిన మనిషిని ఏమనాలి? మహిత సంగటి కెలికింది. తిన్నాక అసలు తంటా మొదలైంది. ఆ బొమ్మ ఎందుకు ఆగిందో ఆమెకు చెప్పాలి. అన్‌లిమిటెడ్‌కు ఉన్న లిమిట్ ఏంటో నాకే ఒకరు చెప్పాలి, ఇక సైగలతో ఎట్లా చెప్పేది? నవీన ఫోన్ తీసి ఏదో చూపించబోయింది. మహిత ఆగమని, ఆవు పొదుగు కింద కూర్చున్నట్టు కూర్చుంది.

రెండు పిడికిళ్ళతో పితికింది, ధార ధారగా. ఫోన్ చూపించి, మొహం నవ్వు మొహం చేసి, చేతులు చకచకా ఆడించింది. తర్వాత పిడికిళ్ళు నెమ్మది చేసింది. ఒక చుక్క. ఆగింది. ఇంకో చుక్క. ఫోన్ చూపించి, మొహం తుమ్ము మొహం చేసి, అట్లాగే బిగుసుకుపోయింది. తర్వాత సూర్యుడు మళ్ళీ పొడిచినట్టు చెయ్యెత్తి, మళ్ళీ ధార. అంతే! దేవకమ్మ నోరు తెరిచి తల మీద చెయ్యేసుకుంది. ఆవు పొద్దుకు ఇంతే ఇస్తుంది, తర్వాత ఎంత పిండినా చుక్కలే, తెల్లారితే మళ్ళీ చేపుతుంది. ఇంత చిన్న సంగతా అన్నట్టు చూసింది. ఆ వెంటనే వేలెత్తి ఇంకో ప్రశ్న అడిగింది. మహిత నవ్వాపుకోలేకపోయింది.

"ఏమంటా ఉండాది మే?" అన్నాను.

"నా పాలు ఎవురు తాగినారు అంటా ఉండాది."

భానుప్రియ పోయి తలుపు వెనక దాక్కుంది. దేవకమ్మ దాన్ని చెవి పట్టుకుని లాక్కొచ్చి, మొట్టికాయ వేసి, పక్కన కూర్చోబెట్టుకుని తల దువ్వింది.

మరుసటి రోజు ధనశేఖర్ ఫోన్ చేసినాడు. ఊరికి తిరిగొచ్చి సంగతి విన్నాడట. ఫోన్ స్పీకర్లో పెట్టింది మహిత.

"ఇంక సాలు. ఇద్దురూ బస్సెక్కండి. నేను అప్పుడే సెప్పినాను కదా?"

మహిత ఒక్క మాట మార్చకుండా తల్లికి చేతులతో చెప్పింది. తన ఉద్యోగం పోయే మాటను కూడా మార్చలేదు. నేనైతే మార్చి ఉందును. దేవకమ్మ చాలాసేపు చేతులాడించింది. మహిత ఫోన్ మీదికి వంగి చెప్పింది. "చిన్నాయనా, మా యమ్మ ఏమంటా ఉండాదంటే, బెదిరింది నేను, నా భయానికి నేనే బస్సెక్కి వచ్చినాను, నేనే ఎక్కి పోతాను, దాన్నెందుకు పిలుస్తావు అంటా ఉండాది."

"ఆమె అంత మాట అనిందా? నువ్వే కల్పిస్తా ఉండావు."

ఇక నా వల్ల కాలేదు. "అందురూ నీ మాదిరి కల్పిస్తారా అన్నా?" అని అరిచినాను.

"సరే," అన్నాడు ధనశేఖర్. "ఇంకొక్కసారి ఇట్ల జరిగితే మాత్రం నేనే వచ్చి పిల్చుకోని పోతాను. అప్పుడు ఎవురి మాటా వినను." ఫోన్ పెట్టేసినాడు. మహిత మొహం చూడలేకపోయినాను. ఆ బొమ్మ మళ్ళీ ఆగదని ఎవరు చెప్పగలరు?

దేవకమ్మ రెండు రోజులుండి పోయింది. నవీన ఆమెకు ఫోన్లో కెమెరా టైమర్ నేర్పింది, ఎందుకంటే ఆవులతో ఫొటో దిగి కూతురికి పంపాలని ఆమెకు సరదా. ఆమె పోయినాక గదిలో ఒక నియమం పెట్టినాను. రోజుకొకరు సాయంత్రం దాకా తమ డేటా ముట్టకూడదు. అది మహిత వీడియోకు. ఒకరోజు నాది, ఒకరోజు నవీనది, ఒకరోజు భానుప్రియది. భానుప్రియ తన వంతు రోజు ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టేది, కంటికి కనబడితే ఆగలేనని.

కొన్ని నెలలు బాగా జరిగింది. తర్వాత ఒక ఆదివారం నవీనకు పెళ్ళిచూపులు వచ్చినాయి. అబ్బాయి బెంగుళూరులో, వాళ్ళ అమ్మానాన్నలు పుత్తూరులో, నవీన వాళ్ళు నగరిలో, నవీన మా గదిలో. అందరూ వీడియోలో. అబ్బాయి మేనత్త ఇంకోసారి పక్కకు తిరగమ్మా అనడం, ఇంకోసారి నడవమ్మా అనడం. నవీన డేటా అయిపోతే నాది ఇచ్చినాను, నాది అయిపోతే భానుప్రియది, అదీ అయిపోతే మహిత తనే తెచ్చి ఇచ్చింది. సంబంధం కుదిరింది. మిఠాయి తింటూ ఉండగా పొద్దు వాలింది, అప్పుడు మహిత ఫోన్ వైపు చూసింది. నాలుగు ఫోన్లూ వట్టిపోయి ఉన్నాయి. వీధిలో రీఛార్జి అంగడి ఆదివారమని మూసి ఉంది.

మహిత వీడియో కలిపింది. దేవకమ్మ మొహం వచ్చింది, చెయ్యి పైకి లేచింది, అట్లాగే నిలిచిపోయింది. కాల్ తెగిపోయింది. మళ్ళీ కలిపితే సున్నా. నవీన పట్టుచీరలోనే గోడకు చేరగిలబడి కూర్చుంది. మహిత ఏడవలేదు, పెట్టె తీసి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది. చిన్నాయన వచ్చేలోపల తనే పోతానంది.

అప్పుడు ఫోన్ టింగుమంది. వాళ్ళమ్మ నుంచి ఫొటో. సున్నా తిరిగింది, తిరిగింది. మొదట మసక. అందరం దాని చుట్టూ తలలు పెట్టి చూస్తున్నాం. మసక మెల్లగా తేరుకుంది. దేవకమ్మ, వెనక ఆవులు మేత తినే గాడిపాడి, ముందుకు చాచిన రెండు పిడికిళ్ళు, పొదుగు కింద పట్టినట్టు. ఇంకో ఫొటో వచ్చింది. ఒకే వేలు, చుక్క రాలుతున్నట్టు కిందికి. మొహంలో ప్రశ్న.

చుక్కలే వస్తున్నాయా, అని అడుగుతోంది.

మహిత గట్టిగా ఏడ్చేసింది. ఫోన్ నా చేతికిచ్చి, అవును అని తల ఊపుతున్న మొహంతో ఫొటో తియ్యమంది. అది ఆ నత్త నడకలోనే పోయింది. అటు నుంచి ఇంకోటి. నోటి దగ్గర ముద్ద, తిన్నావా అని. ఇటు నుంచి ఒకటి, పెళ్ళిచూపులు అని నవీన పట్టుచీర. వీడియోకు చాలని ఆ వేగం ఫొటోకు సరిపోయింది. ఒక్కో మాట చేరడానికి ఒక నిమిషం, రెండు నిమిషాలు. కానీ చేరింది మాత్రం చెక్కు చెదరకుండా చేరింది. చిన్నాయన రాలేదు. మహిత బట్టలు మళ్ళీ పెట్టెలోకి పోయినాయి.

ఆ రోజు నుంచి మేము నత్తకు భయపడలేదు. డేటా ఉంటే వీడియో, లేకపోతే ఫొటోలు. నిజం చెప్పాలంటే భానుప్రియ దయవల్ల ఎక్కువ రోజులు ఫొటోలే. మహితకు మేము తీసేవాళ్ళం, తీసి తీసి ఆ సైగలు మాకూ పట్టుబడినాయి. అక్కడ టైమర్‌తో ఫోన్ ఊరికే పడిపోతోందని దేవకమ్మ పక్కింటి మరిదిని పట్టుకుంది. ధనశేఖర్ రోజూ సాయంత్రం వచ్చి వదినకు ఫొటోలు తియ్యడం మొదలుపెట్టినాడు. గొణుక్కుంటూనే తీసేవాడట. సగం ఫొటోల్లో మూలన ఆయన బొటనవేలు కనబడేది. ఆ సైగలు ఆయనకు సగం సగమే అర్థమయ్యేవి, అడిగితే వదిన చెప్పేది కాదు. ఇన్నాళ్ళూ వాళ్ళ మాటలు మార్చిన మనిషి, ఇప్పుడు ఏముందో తెలియని మాటలను మార్చకుండా పంపించేవాడు. నాకు అదెంత సంతోషమో చెప్పలేను.

మహిత లైన్ లీడర్ అయింది. నవీన పెళ్ళై బెంగుళూరు పోయింది. భానుప్రియ తమిళనాడు వైపు వేరే ఫ్యాక్టరీకి మారింది. నేను చిత్తూరు వచ్చేసినాను. ఆ గదిలో మళ్ళీ ఒక్క రోజు, ఆ నలుగురం, ఆ జాడీ, ఆ గాజుల చప్పుడు కావాలని ఎన్నిసార్లు అనుకున్నానో. తర్వాత ఫైవ్ జీ వచ్చింది. మహిత ఫోన్ మార్చింది, వాళ్ళమ్మకు కొత్తది కొనిచ్చింది. ఈసారి నిజంగానే అన్‌లిమిటెడ్. బొమ్మ ఆగేది లేదు, గంటలు గంటలు వీడియో. ఫొటోల పని లేకపోయింది.

పోయిన నెల దేవకమ్మ పోయింది. పాలు పోసి వచ్చి ఇంటి ముందు కూర్చుని, అట్లాగే ఒరిగిపోయిందట. మహితకు చిన్నాయన ఫోన్ చేసినాడు. మహిత చేరేసరికి అంతా అయిపోయింది.

కర్మాంతరం రోజు నేను మహిత వాళ్ళ పల్లెకు పోయినాను. జనం తిని పోయినాక మహిత లోపలి గదిలో చాప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి పక్కకు జరిగింది. చేతిలో పాత ఫోన్. సత్యవేడు రోజులదే, తెర మూల పగిలింది.

"సూడక్కా," అంది. ఒక్కో ఫొటో జరుపుతోంది. తిన్నావా అంటున్న దేవకమ్మ. ఎర్రావు ఈనిందని చెబుతున్న దేవకమ్మ. డెయిరీ ఆయనను తిడుతున్న దేవకమ్మ. వానలో తడవొద్దంటున్న దేవకమ్మ. వందల ఫొటోలు, ఒక్కో దానిలో ఒక్కో మాట.

"ఈ రెండేండ్లుగా రోజూ గంటసేపు మాట్లాడుకున్నాం. అద్దంలో మాదిరి కనబడేది. ఎన్ని సెప్పిందో. ఒక్కటీ లేదక్కా నా దగ్గిర. ఉండేదంతా ఆ చుక్కల రోజులవే."

మా నాయన పోయి రెండేళ్ళు. రోజూ ఫోన్లో మాట్లాడేదాన్ని నాయనతో, కాల్స్ అన్నీ ఉచితం, ఎంతసేపైనా. ఆయన అన్న మాట ఒక్కటి ఇప్పుడు వినాలంటే నా దగ్గర ఏమీ లేదు. మహితను చూసి కుళ్ళు పుట్టింది, దాని దుఃఖం ముందు కూర్చుని కుళ్ళుకున్నందుకు ఏడుపొచ్చింది.

మహిత ఒక ఫొటో దగ్గర ఆగింది. దేవకమ్మ ఒక చెయ్యి వాకిలి వైపు చాచి, ఇంకో చెయ్యి గుండెకు ఆనించుకుని ఉంది, కనుబొమలు పైకెత్తి. మహిత ఫోన్‌ను గోడకు ఆనించింది. కాస్త వెనక్కి జరిగి కూర్చుంది, ఆ గదిలో కూర్చున్నట్టే. చేతులు పైకెత్తి మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టింది.

ధనశేఖర్ వాకిట్లో నుంచి చూస్తున్నాడు. గడ్డం పెరిగి, మనిషి సగమైనాడు. లోపలికి వచ్చి వంగి ఆ ఫొటో చూసినాడు.

"ఇది నేను తీసిందే," అన్నాడు నాతో. "గొడ్లకాడ తీసినాను. ఏమంటా ఉండాది మా వదిన ఈడ?"

"ఎప్పుడొస్తావు అని అడుగుతా ఉండాది అన్నా."

ఆయన ఆ ఫొటో వైపు, మహిత చేతుల వైపు మార్చి మార్చి చూసినాడు. "మరి ఈ పాప ఏం సెప్తా ఉండాది?"

"వచ్చేసినాను మా, అంటా ఉండాది," అన్నాను.

ఆయన పై తువాలు మొహానికి అడ్డం పెట్టుకుని గడప మీద కూర్చుండిపోయినాడు. మహిత ఇంకా చెబుతూనే ఉంది.